ఇద్దరికీ ఒకటే కొలత

బతూల్ సన్నబడిందని మెక్నెస్ ఊళ్లోని ఆ వీధిలో అందరికంటే ముందు కనిపెట్టింది ఆమె తోడికోడలు రఖియ. అందరికంటే ఆఖరున ఒప్పుకున్నదీ ఆమే.

"సన్నబడటం కాదమ్మా, చిక్కిపోయింది. లోపల ఏం రోగముందో ఏమో, పాపం నోరు విప్పదు," అని వీధి పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లతో అనేది. రోగం లేదని ఆమెకు బాగా తెలుసు. షుగరు వచ్చేలా ఉందని డాక్టరు బెదిరిస్తే బతూల్ రొట్టె మానేసింది, టీలో చక్కెర మానేసింది, రోజూ పొద్దున్నే కోటగోడ పక్కన నడవడం మొదలుపెట్టింది. మొదట్లో రఖియ కూడా వెంట వెళ్లింది. గోడ మలుపు దగ్గర మోకాళ్ల నొప్పులని కూలబడింది. మర్నాటి నుంచి మళ్లీ నడకకని గుమ్మం దాటితే ఒట్టు.

రఖియ ఆ ఇంటికి పెద్దకోడలు. కింద ఆమె కాపురం, మేడమీద బతూల్ కాపురం. కాపురానికి వచ్చిన నాటికే ఇద్దరిదీ ఒకే ఒడ్డూ పొడుగూ. కాన్పులకీ, పండగలకీ కలిసే లావెక్కారు. ఆ ఊళ్లో ఒక పెళ్లిలో తొడిగిన కఫ్తాను, అంటే పాదాల దాకా జారే పండగ అంగీ, అదే చుట్టాల కళ్లకు మళ్లీ కనిపిస్తే పరువు పోయినట్టే. అందుకని బతూల్ తన పుట్టింటి పెళ్లిలో తొడిగినదాన్ని రఖియ తన పుట్టింటి పెళ్లిలో తొడిగేది, రఖియది బతూల్ తొడిగేది. రఖియ గదిలో ఒకే బీరువా, దానికి ఒకే తాళం. దర్జీ అల్లాల్ దగ్గర కూడా ఇద్దరికీ ఒకటే కొలత. ఎవరికి తీరిక దొరికితే వాళ్లు వెళ్లి టేపుకు నిలబడి, రెండో మనిషి మాట కూడా తామే చెప్పి వచ్చేవారు.

ఆ బీరువాలో ఒక ఆకుపచ్చ కఫ్తాను ఉంది. బతూల్ తల్లి ఫెజ్ పట్నంలో మగ్గం మీద నేయించి ఇచ్చిన జరీ పట్టు. రఖియ దాన్ని ఒక్కసారే, తన చెల్లెలి పెళ్లికి తొడిగింది. ఆమె మొగుడు మైమూన్ ఉప్పు అడగడానికి తప్ప నోరు తెరవని మనిషి. ఆ రోజు గుమ్మంలో ఆగిపోయి "నువ్వేనా" అన్నాడు. ఆ ఒక్క మాటను పట్టుకుని రఖియ ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది. ఈ వేసవిలో కూతురు సుకైనా పెళ్లి. గోరింటాకు వేడుక నాడు పెళ్లికూతురి తల్లిగా ఆ ఆకుపచ్చదే తొడగాలని ఆమె కోరిక. కాని బతూల్‌ని అడగలేదు. అడిగి తొడిగితే అరువు సొమ్మవుతుంది, ఆమె ఇచ్చి తొడగమంటే దర్జాగా ఉంటుంది.

ఒక శుక్రవారం కుస్కుసు భోజనం అయ్యాక బతూల్ తన బట్టలన్నీ మంచం మీద కుప్ప పోసింది.

"ఒక్కటీ ఒంటి మీద నిలవడం లేదక్కా. ఏం చేయను వీటిని?"

"దాచుకో. పోయిన కండ దారి మర్చిపోదు, అదే వెతుక్కుంటూ వస్తుంది."

బతూల్ పకపకా నవ్వింది. ఎంత పొడిచినా దిగబడదు ఆ మనిషికి, అదే రఖియకు మంట. బతూల్ రోజూ తొడిగే వదులు అంగీలు, జెల్లాబాలను మసీదు పక్కనున్న ముసలమ్మకని ఒక మూట కట్టింది. ఉన్ని స్వెట్టర్లు విప్పి మనవలకు అల్లుతానంది. గులాబీరంగు కఫ్తాను, నీలం కఫ్తాను రఖియ ఒళ్లో పెట్టి, "ఇవి ఇక నీవే," అంది. చివరికి ఆకుపచ్చది తీసి తెల్లగుడ్డలో చుట్టి చంకన పెట్టుకుంది.

"దీన్ని మాత్రం అల్లాల్ మాస్టారి చేత సైజు తగ్గించుకుంటాను. మా తమ్ముడి మనవడికి పేరు పెడుతున్నారు కదా."

రఖియ ఒళ్లోని రెండు కఫ్తానులనూ పక్కకు నెట్టింది. మాసిపోయినవీ, నలుగురూ చూసేసినవీ తనకా? మంచిదేమో చంకలోకా? ఒళ్లూ దానిదే, బట్టా దానిదే.

ఆ వారమంతా రఖియ పొయ్యి ఆరలేదు. పొరల రొట్టెలు చేసి, వెన్న పూసి, తేనె ఓడుతుండగా మేడమీదికి పంపేది. బతూల్ మళ్లీ లావెక్కితే సరి, కఫ్తాను దానంతటదే కిందికి దిగొస్తుంది. పళ్లెం ఖాళీగా తిరిగి పంపడం ఆ ఇళ్లలో మర్యాద కాదు, అందుకని బతూల్ దాన్ని దోసకాయ ముక్కలతో నింపి పంపేది. రొట్టెలన్నీ తిన్నది బతూల్ మొగుడు. వారం తిరిగేసరికి అతని జెల్లాబా పొట్ట దగ్గర బిగిసింది. దోసకాయ ముక్కలు చూసినప్పుడల్లా తనను ఎగతాళి చేస్తున్నట్టే ఉండేది రఖియకు.

చివరికి ఆమె జెల్లాబా తగిలించుకుని, మోకాళ్ల నొప్పుల సంగతే మరిచిపోయి దర్జీ కొట్టుకు నడిచింది.

"ఆకుపచ్చదేనా?" అన్నాడు అల్లాల్. "మిగులు గుడ్డ లోపలికి మడిచి కుట్టమంది మీ బతూల్."

"మడిస్తే నడుం దగ్గర ఎత్తుగా కనిపిస్తుందట మాస్టారూ. కోసెయ్యమంది."

అల్లాల్ కళ్లద్దాల పైనుంచి చూశాడు. "జరీ గుడ్డమ్మా. కోస్తే మళ్లీ అతకదు. రేపు ఒళ్లు చేస్తే?"

"చేయదట. ఒట్టు కూడా పెట్టుకుంది."

"సరే, మీలో ఎవరు చెప్పినా నాకు ఒకటే," అని కత్తెర అందుకున్నాడు.

తనకు దక్కనిది, రేపు లావైతే దానికీ దక్కకూడదు. రఖియ ఆలోచన అంతే, దాచడానికేముంది. కత్తెర నడుస్తుంటే ఆమె ప్రాణం కుదుటపడింది. వీధి చివరికొచ్చాక ఒకసారి ఆగింది, కాని వెనక్కి మాత్రం తిరగలేదు.

పేరు పెట్టే వేడుక అయ్యాక బతూల్ పుట్టింటి నుంచి వెలిగిపోతూ వచ్చింది. వస్తూనే తెల్లగుడ్డ మూట రఖియ ఒళ్లో పెట్టింది.

"సుకైనా గోరింటాకుకి నువ్వు ఇది తొడగాలి. పెళ్లికూతురి తల్లివి, ఆ గులాబీరంగులో ఏం బాగుంటావు."

రఖియ మూటను విప్పకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"మా మేనత్తలు నన్ను నూనెపీపా అనేవాళ్లు కదా. వాళ్ల ముందు ఒక్కసారి దీన్ని తొడిగి నిలబడాలని నా కసి. తీరిపోయింది. కుట్లు విప్పితే మళ్లీ పాత కొలతే అవుతుందని మడవమన్నాను. ఆ చిన్న కత్తెర ఇలా ఇయ్యి."

బతూల్ మూట విప్పి కఫ్తాను తిరగేసింది. మడత లేదు. కుట్టు పక్కన వేలెడు గుడ్డ కూడా లేదు. వేళ్లతో ఒక పక్క తడిమింది, రెండో పక్క తడిమింది.

"వాడి చేతులు పడిపోను. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఉండు, ఇప్పుడే పోయి వాడి సంగతి తేలుస్తాను."

"ఆగు," అంది రఖియ. "నేనే కోయమన్నాను."

"ఎందుకు?"

"నువ్వు బాగున్నావు. చూడలేకపోయాను."

బతూల్ కఫ్తానును మడత పెట్టి, గుడ్డలో చుట్టి, మేడ మెట్లెక్కింది. ఆయాసం లేకుండా ఎంత తేలిగ్గా ఎక్కుతోందో. ఆ క్షణంలో కూడా రఖియ అదే గమనించింది.

గోరింటాకు నాడు రఖియ అందరూ చూసేసిన గులాబీరంగు కఫ్తానే తొడిగింది. మైమూన్ గుమ్మంలో ఆగి, "ఆకుపచ్చది తొడగలేదేం?" అన్నాడు. ఇన్నేళ్లకు నోరు తెరిచి అడిగాడు, ఆమె టీ పళ్లెం ఎత్తుకుని ఆడవాళ్ల వైపు నడిచింది.

ఆకుపచ్చది బతూల్ తొడిగింది. ఇక అది మరెవరికీ పట్టదు కదా. ఆడవాళ్లు ఆమె చుట్టూ మూగి, నడుం దగ్గర వేళ్లతో తడిమి, దిష్టి తగలకుండా దేవుణ్ణి తలుచుకున్నారు. ఒంటికి అతికినట్టుంది, ఏ దర్జీ కుట్టాడని అడిగారు.

టీ పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడ్డ రఖియ వైపు బతూల్ చూసింది.

"దర్జీదేముందమ్మా," అంది. "మా అక్క దగ్గరుండి కోయించింది."