అంచు మీద గాటు

ల్యాబులో అందరూ అతన్ని సూదన్న అనేవాళ్లు. చదివింది పదో తరగతి. కానీ కంటికి ఆనని రేకు మీద వెంట్రుక కన్నా సన్నని బంగారు తీగ అతికించాలంటే ఆ భవనంలో అతని చెయ్యే దిక్కు. పదకొండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగమే. "నీ పేరు మన పరిశోధన వ్యాసంలో ఒక్కసారి పడనీ, పర్మినెంటు చేయించే పూచీ నాది" అని ల్యాబు నడిపే సార్ ఊరించబట్టి రెండేళ్లు.

ఆ రేకు మందం కొన్ని పరమాణువులే. బాగా చల్లబరిస్తే దాని మధ్యలో కరెంటు పారదు. అంచు వెంటే, ఒకే దిక్కుగా పోతుంది. అడ్డు తగిలితే పక్కనుంచి చుట్టి వెళ్తుందే తప్ప వెనక్కి మళ్లదని సార్ బోర్డు మీద గీసి చెప్పేవాడు. కొలిచి చూపించింది మాత్రం లేదు.

ఒకరోజు తీగ అతికిస్తుండగా సూదన్నకు తుమ్మొచ్చింది. సూది జారి అంచు మీద గాటు పడింది. ఎవరూ చూడలేదు. అయినా తనే వెళ్లి సార్‌కి చెప్పాడు.

"ఆరు నెలల కష్టం బూడిదలో పోశావు కదయ్యా. పొరపాటు నాదేనని రాసి సంతకం పెట్టు."

పెట్టాడు.

"పారేసేముందు ఊరికే ఒకసారి చూద్దాం అన్నా" అంది పరిశోధన చేసే అమ్మాయి. చల్లబరిచి చూశారు. మీటరులో అంకె ఉండాల్సిన చోటు నుంచి కదల్లేదు. కరెంటు గాటును చుట్టి దర్జాగా పోతోంది. సార్ పరిగెత్తుకొచ్చి సూదన్న భుజం తట్టాడు. ఆ సాయంత్రం సూదన్న తన పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో కూతుర్నడిగి, మూడుసార్లు రాసి చూసుకున్నాడు.

వ్యాసం వచ్చింది. 'అంచును మేము ఉద్దేశపూర్వకంగా కోశాము' అని ఉంది. పైన ఏడు పేర్లు. అందులో ఒకాయన ఆ వారమంతా ఊళ్లోనే లేడు. చివర కృతజ్ఞతల్లో చల్లబరిచే గ్యాసు పంపిన కంపెనీ ఉంది. సూదన్న ఎక్కడా లేడు.

సార్ ల్యాబులోకి రాగానే సూదన్న అడిగాడు. "నా పేరు లేదేం సార్?"

"పొరపాటని నువ్వే రాసిచ్చావు కదయ్యా. పొరపాటుకి పేరెలా పెడతాం?"

"మరి మీరు కావాలనే కోశామన్నారు."

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అలా రాస్తేనే అచ్చేస్తారు. నీకివన్నీ తెలియవులే. కొత్త రేకు వచ్చింది. ఈసారి నాలుగు గాట్లు పెట్టాలి. అంత సన్నపని నీ వల్లే అవుతుంది."

ఏడు పేర్లలో తన పేరున్న ఆ అమ్మాయి తల వంచుకుని కంప్యూటర్ తెరలోకి చూస్తోంది.

సూదన్న సూదిని సార్ ముందుకి జరిపాడు.

"మీరే పెట్టండి సార్. ఏడుగురున్నారు కదా."