మెచ్చుకోలు పుస్తకం

తొంభైల నడుమ మనామాలో ఒక హోటల్లో గదులు సర్దేవాణ్ణి. ఊళ్లో మాత్రం నేను దుబాయిలో ఉన్నట్టే లెక్క. బహ్రెయిన్ అని ఉత్తరాల్లో రాసీ రాసీ విసుగొచ్చి మానేశాను.

బుధవారం సాయంత్రం అయిందంటే గురు, శుక్రవారాల సెలవుకు సౌదీ నుంచి సముద్రం మీది వంతెన మీదుగా కార్లు బారులు తీరేవి. శుక్రవారం చీకటి పడేసరికి గదులన్నీ ఖాళీ. వచ్చినవాళ్ల పాస్‌పోర్టులు రిసెప్షన్‌లో తీసుకుని, వెళ్లేటప్పుడు నవ్వుతూ తిరిగిచ్చేవాళ్లు. నాది మాత్రం రెండేళ్లుగా మేనేజరు బీరువాలోనే ఉంది. సామాన్లు మోస్తూ అదంతా చూస్తుంటే నాకు కడుపు మండేది.

నేను ఇల్లు విడిచేనాటికి నా కూతురికి మూడు నెలలు. పుట్టువెంట్రుకలు నేనొచ్చాకే తీయాలని అందరూ ఆగారు. "మూడో ఏడు నడుస్తున్నది. ఇప్పుడు తీయకుంటే మల్ల ఐదో ఏడే. పిల్లకు జుట్టు కండ్లల్ల పడుతున్నది, జల్ది రా" అని నా భార్య రాసింది. కాంట్రాక్టు అయిపోయింది, వెళ్లడం నా హక్కు. మేనేజరేమో సీజన్ అయ్యాక చూద్దామనేవాడు. ఆ దీవిలో సీజన్ కానిదెప్పుడో నాకు ఈనాటికీ తెలియదు. "ఇక్కడ పెట్రోలు ఎన్నాళ్లుంటుంది? రేపు వచ్చిపోయేవాళ్లే ఈ దేశానికి పెట్రోలు" అని హిందీలో నాకు పాఠం చెప్పేవాడు.

సౌదీలో పనిచేసే హైదరాబాదు డాక్టరొకాయన భార్యతో నెలనెలా వచ్చేవాడు. ఆయనకు నా గోడు వెళ్లబోసుకున్నాను. "నేను అడిగితే నీకే మాటొస్తది. పుస్తకంల నీ గురించి మంచిగ రాస్త. చూసి వాడే పంపుతడు" అన్నాడు. అతిథులు అభిప్రాయాలు రాసే పుస్తకంలో నా గురించి ఒక పేజీ నిండా రాశాడు. దండం పెట్టాను.

గదిలో నాతో ఉండే కరీంనగర్ వైపు పెద్దాయనకు ఆ సంగతి చెబితే తల పట్టుకున్నాడు. "తమ్మీ, మంచి పనోడివని రాపిచ్చుకున్నవా? ఇగ నిన్నెవడిడుస్తడు?" ఓర్వలేక అంటున్నాడనుకుని ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

శనివారం మేనేజరు నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఆ పేజీ జిరాక్సు తీయించి మేము అన్నం తినే గది గోడకు అంటించాడు. "నిన్ను చూసే జనం మళ్లీ వస్తున్నారు. ఇంకో ఏడాది ఉండు, నీకు వీసా ఇచ్చిన కఫీల్‌తో మాట్లాడాను" అన్నాడు. నన్ను అడగలేదు, చెప్పాడంతే. ఆ సంవత్సరమంతా ఆ పేజీకి ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. నా తెలివికి నన్ను నేనే తిట్టుకున్నాను.

డాక్టరు మూడు నెలలు రాలేదు. వచ్చీ రాగానే నా భుజం తట్టి, "పోయొచ్చినవా ఇంటికి? నే రాసింది పనిచేసిందా?" అన్నాడు. ఆయన సంబరం చూసి నిజం చెప్పబుద్ధి కాలేదు. పోయొచ్చిన సార్ అన్నాను. ఇంటి నుంచి వచ్చిన ఫొటో జేబులోనే ఉంటే తీసి చూపించాను. అందులో మా బావమరిది ఒళ్లో నా కూతురు, నున్నటి గుండుతో, ఏడుపు మొహంతో.

ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"నువ్వేడున్నవు ఈ ఫొటోల?"

"ఫొటో తీసింది నేనే సార్" అన్నాను.