మస్కట్‌లో పిట్టకు పెట్టిన రోజు

పెళ్లయ్యాక నేను మస్కట్ పోతున్నానని తెలిసినప్పుడు మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, గొర్రెపిల్లకు పాలు పట్టిస్తూ ఒక్కటే మాట అన్నది.

"కాకి సుత వాలని దేశానికి పోతున్నవ్ బిడ్డా."

నాకు కోపమొచ్చింది. నారాయణపేట దాటి ఏనాడన్నా పోయినవా, నీకేం తెలుసని దులిపేశాను. నన్ను పెంచింది ఆమే. బాపు, అమ్మ గొర్రెలను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోతే నెలల తరబడి వచ్చేవారు కాదు. నా జ్వరాలు, నా జడలు, నా అలకలు అన్నీ అవ్వ మీదనే పడేవి.

మస్కట్‌లో మా ఆయన ఏసీలు బిగించే కంపెనీలో సూపర్‌వైజర్. తెల్లారకముందే పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. మాది ఒక పాత బిల్డింగులో మూడో అంతస్తు. మొదట్లో ఆ ఊరు నాకు మరీ పరాయిగా అనిపించలేదు. దుకాణాన్ని వాళ్లూ దుకాణమనే అంటారు. కుర్చీ వాళ్లకూ కుర్సీయే, కలం కలమే. హైదరాబాదులో చదివేటప్పుడు నేను కుర్సీ అంటే హాస్టల్‌లో పక్కమంచం పిల్ల కిసుక్కున నవ్వేది. నవ్వితే నవ్వావు గానీ, నా మాట సముద్రం దాటి వచ్చింది చూడు అని దానికి చెప్పాలనిపించేది. అయితే మాటలు తెలిస్తే సరిపోతుందా, మాట్లాడే మనిషి ఉండొద్దూ? పొద్దంతా ఇంట్లో నేనూ, గోడలూ. మూల మీది దుకాణం దాకా పోయి రావడమే నా తిరుగుడు. దాని ముందరి పెద్ద రోడ్డు దాటాలంటే భయమేసి వెనక్కి తిరిగేదాన్ని.

ఎదురింట్లో ఆ దేశపు ముసలామె ఒకతె ఉండేది. ఒక మధ్యాహ్నం పళ్లెం నిండా ఖర్జూరాలు తెచ్చింది. నన్ను కిందికీ మీదికీ చూసి, మెల్లగా "గరీబా?" అని అడిగింది.

మా దిక్కు గరీబోళ్లంటే లేనోళ్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా పాత నైటీ చూసి అడుక్కునేదాన్ని అనుకుందా? మా ఇంటి ముందర గొర్రెల మంద నిలబడితే బజారు పట్టదు, నేను గరీబుదాన్నా! పళ్లెం ఆమె చేతిలోనే పెట్టి తలుపేసుకున్నాను. రాత్రి మా ఆయనకు చెబితే, ఆయనకూ అరబ్బీ అంతంత మాత్రమే, పోనీలే అన్నాడు. ఆ తర్వాత ఆమె ఎదురైనా నేను తల తిప్పుకొని పోయేదాన్ని.

రోజూ సాయంత్రం అవ్వ ఫోన్ చేయించేది. తిన్నవా, ఎట్లున్నవ్ అని రెండే ప్రశ్నలు. తిన్నా, మంచిగున్నా, ఫికర్ చెయ్యకు అని నా జవాబు. ఆమె నమ్మీ నమ్మనట్టు సరే బిడ్డా అనేది. ఫోన్ పెట్టేశాక నేను వంటింట్లో నిలబడి ఏడ్చేదాన్ని. ఎందుకో నాకే తెలియదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. బతుకు మీద పాణం పట్టలేదు, అంతే.

అట్లా మూడు నెలలు గడిచాక ఒక పొద్దున బాపు ఫోన్ చేశాడు. అవ్వ నిద్రలోనే పోయింది. నేను విమానం దొరికించుకొని పోయేసరికి ఆమె మీద మట్టి కప్పేస్తారు. పోయినా ముఖం దక్కదు. బాత్రూములో తల మీద నీళ్లు పోసుకొని, నల్లా విప్పి పెట్టి ఏడ్చాను.

మూడోనాడు మా వైపు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి సమాధి దగ్గర విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలినట్టు. ఆ రోజు బాపు మళ్లీ ఫోన్ చేశాడు. కాకులు చెట్టు మీదనే కూర్చున్నాయట, ఒక్కటీ దిగట్లేదట. అందరూ వచ్చి ఎవరికి తోచిన మాట వాళ్లు ఇచ్చి చూశారట.

"అవ్వ పాణమంత నీ మీదనే ఉన్నది బిడ్డా. నువ్వు సుత ఆడ జర పెట్టు."

జొన్నరొట్టె, నాలుగు తునకలేసి మాంసం కూర వండి డబ్బాలో సర్దుకున్నాను. కానీ కాకి ఏది? మా కిటికీ మీద పావురాలు తప్ప ఇంకో పిట్ట వాలగా చూడలేదు. అవ్వ అన్నంత పనీ అయింది. డబ్బా పట్టుకొని మెట్లు దిగుతుంటే ఎదురింటి ముసలామె ఎదురొచ్చింది. ఉబ్బిన నా కళ్లు చూసి ఆగిపోయింది. ఇక సిగ్గేమిటని ఆకాశం చూపించి, కా కా అని కాకిలా అరిచాను. ఆమె నవ్వలేదు. నా చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించి, టాక్సీ ఆపి, నన్ను లోపలికి తోసి తనూ ఎక్కింది.

ఆ ఊరిని నేను సరిగ్గా చూసింది అప్పుడే. గడ్డి మొలవని నల్లటి గుట్టలు, వాటి కింద తెల్లటి ఇళ్లు, ఒక మలుపు తిరగగానే ఒక్కసారిగా సముద్రం. ముసలామె డ్రైవర్‌తో ఏదో చెబుతూ నా వైపు చూసి మళ్లీ గరీబా అన్నది. నా ముఖం మాడడం డ్రైవర్ అద్దంలో చూశాడు. అతనికి హిందీ వచ్చు. గరీబ్ అంటే బీదవాళ్లు కాదమ్మా, తన ఊరు విడిచి పరాయి ఊళ్లో ఉన్న మనిషిని మేం అట్లా అంటాం అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఆమె నా చెయ్యి ఇంకా వదల్లేదు.

చేపల మార్కెట్టు దగ్గర దిగితే, రేవు గోడ మీద కాకులే కాకులు. బూడిదరంగు మెడలు, అచ్చం మా ఊరివే. రొట్టె, తునకలు గోడ మీద పెట్టి వెనక్కి జరిగాను. ఒక్కటీ రాలేదు. ఏదన్నా మాట చెప్పాలి కదా. అవ్వా, నేను మంచిగున్నా, ఫికర్ చెయ్యకు అన్నాను. కాకులు తలలు తిప్పి చూశాయి, కదల్లేదు. మళ్లీ అదే మాట కొంచెం గట్టిగా అన్నాను. ఉన్నచోటనే ఉన్నాయి.

అప్పుడు అక్కడే కూలబడ్డాను.

"మంచిగ లేనవ్వా. బయమైతాంది. దినాం ఏడుస్తున్న. ఈడ నేను గరీబుదాన్నవ్వా."

ముసలామెకు నా మాటల్లో అర్థమైంది ఆ ఒక్కటే అయుంటుంది. నా వీపు మీద చెయ్యి వేసింది. ఒక కాకి గోడ మీద రెండు గంతులేసి దగ్గరికొచ్చింది. రొట్టె తోసేసి, తునక ముక్కున పట్టుకొని సముద్రం మీదికి ఎగిరిపోయింది.

అక్కడి నుంచే బాపుకు ఫోన్ చేసి, ముట్టిందని చెప్పాను. చాలాసేపు ఆయన ఏడుపే వినిపించింది. తర్వాత ముక్కు చీది, ఏం మాట చెబితే ముట్టింది బిడ్డా అని అడిగాడు.

మంచిగున్నా అని చెప్పిన బాపూ, అన్నాను.