లడఖ్‌కు ఏ నెలలో వెళ్లాలో మా అక్క తేల్చేసింది

లడఖ్ వెళ్లడానికి సెప్టెంబరే మంచిదని బోలెడు వీడియోలు చూసి తేల్చుకున్నాను. జూన్‌లో అక్కడి గాలి మనిషిని నిలబడనివ్వదట. ఈ రోజు కామారెడ్డి నుంచి లింగంపేట వెళ్లి, నాతో రాబోతున్న మా అక్కకు అదే గొప్పగా చెప్పాను. ఆమె ఎప్పటిలాగే తంబాకు ఎగిరిపోకుండా ఫ్యాన్ ఆపేసి, చెమటలు కారుతుండగా బీడీలు చుడుతోంది.

"గాలి లేని నెలల పోవుడేందే? ఇన్నేండ్ల సంది ఫ్యాన్ బంద్ పెట్టుకునే కూసున్న. గాలి మస్తుగున్నప్పుడే పోదాం," అంది, చేట మీంచి తల ఎత్తకుండానే.

టికెట్లు జూన్‌కే బుక్ చేశాను. ఆ నెలలో వెళ్లొచ్చినవాళ్లు గాలి ఎలా ఉంటుందో కామెంట్లలో చెప్పండి. తక్కువేనని మాత్రం అనకండి, అక్క ఊరుకోదు.