మేము ఏరిన రాళ్లు

కె.ఆర్.పురంలో మా వాలీబాల్ క్లబ్బు పెట్టింది ఇళ్లు కట్టే మేస్త్రీ గోపాలప్ప. 1993లో రాళ్లు నిండిన ఒక ఖాళీ సైటు చూపించి, "దినానికి పది రాళ్లు ఏరి బయట పోసినోడే బంతి ముట్టాలప్పా" అన్నాడు. అదే మా చందా. పన్నెండేళ్లలో ఆరుగురం అరవైమందిమయ్యాం. నేల అరచేతిలా తయారైంది.

ఒకాయన ఆ నేలను చూసే సైటు కొన్నాడు.

"ఎంత చదునుగా ఉండాది! జేసీబీ ఖర్చు మిగిలె."

"ఇంకో ఏడాది పిల్లోళ్లను ఆడుకోనీండి సామీ," గోపాలప్ప చేతులు జోడించాడు.

"నువ్వు మేస్త్రీవంట గదా? సోమవారం పునాదికి రా."

రెండు నెలలుగా పని లేదు. గోపాలప్ప వెళ్లాడు, కూలికి నన్నూ పిలిచాడు. నెట్టు స్తంభాలు తనే పెకలించాడు. పునాదిలోకి, మేము ఏరి బయట పోసిన రాళ్లనే నేను మోసి అందించాను.