అహరోను కాక కొట్టి చూసిన కారు

బెల్లంపల్లిలో అహరోను తన చేతికర్రతో కొట్టి చూడని వస్తువంటూ లేదు. పుచ్చకాయ, గోడ, మంచంకోడు, ఎన్నికలప్పుడు ఓటడగడానికొచ్చిన నాయకుడి జీపు, ఏదైనా సరే. రెండుసార్లు టకటకమని కొట్టి, తల పక్కకు వంచి, కళ్లు మూసుకొని వింటాడు. విన్నాక ముఖం చిట్లించి ఒకటే మాట: "ఏమో, నాకు నమ్మకం లేదు."

ఇది పుట్టుకతో వచ్చిన రోగం కాదు, ఉద్యోగం అంటించిన రోగం. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన బొగ్గుబాయిలో సర్దారు. షిఫ్టు కూత కూయకముందే దీపం పట్టుకొని లోపలికి దిగి, నెత్తిమీది బండను కర్రతో కొట్టి చూడడం ఆయన పని. ఖంగుమంటే బండ గట్టిది. బొదబొదమంటే లోపల విడిపోయింది, ఎవరి మీదైనా పడుతుంది. చూసిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టి వస్తేనే మిగతావాళ్లు తట్టా, చెమ్మసు అనే బొగ్గు పార పట్టుకొని లోపలికి నడవాలి. ఆయన చూసిన చోట ఏ మనిషికీ గోరు కూడా ఊడలేదు. రిటైరైన రోజు దీపం వాపసిచ్చాడు. కర్రను, అనుమానాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు.

"పెండ్లిచూపులకొచ్చినప్పుడు మా బాపు కుర్చీ ఏస్తే కూసోలే," అని ఆయన భార్య మగ్దలేనమ్మ వాడంతా చెప్పుకుంటుంది. "మొదలు కుర్చీని గొట్టిండు, ఎనుక గోడను గొట్టిండు. నన్ను కొట్టి సూడలే, గంతే నా అదృష్టం."

చర్చిలో కొత్త ప్రసంగ వేదిక పెట్టిన రోజు, పాస్టరుగారు ప్రార్థనకు కళ్లు మూసుకోగానే ఈయన లేచిపోయి దాన్ని టకటకలాడించాడు. "అయ్యగారూ, గిది బొదబొదమంటుంది," అన్నాడు. సంఘమంతా తిట్టింది. మూడో ఆదివారం నరకం గురించి చెబుతూ పాస్టరుగారు ఆవేశంగా దాని మీద గుద్దారు. పలక విరిగి చెయ్యి మోచేతిదాకా లోపలికి పోయింది. నలుగురు పెద్దలు పట్టి లాగితే గాని బయటికి రాలేదు.

ఆయన లోకంలో నమ్మింది ఒక్కణ్నే, ఆసుపత్రి డాక్టరును. దగ్గు వచ్చి పోతే ఆ డాక్టరు ఈయన వీపు మీద వేళ్లు పెట్టి టకటకమని కొట్టి, తల వంచి విన్నాడు. అహరోను పొంగిపోయాడు. "గీ పిలగానికి పని తెలుసు," అని అందరికీ చెప్పాడు.

ఇలాంటి మనిషి పక్కింట్లో ఉండగా కొండల్ కారు కొనాలనుకున్నాడు. తొంభై రెండు ఎండాకాలం అది. బాయిలు తగ్గుతున్నాయి, మనుషులూ తగ్గాలన్నారు. ఇంటికి పంపడానికి ఒక మంచి పేరు కూడా వెతికి పెట్టారు, స్వచ్ఛందమని. తనంతట తానే దిగిపోతున్నానని రాసి ఉన్న కాగితం మీద కొండల్ వేలిముద్ర వేశాడు. రాసింది మాత్రం తను కాదు. ఇరవై రెండేళ్ల చాకిరీకి వచ్చిన సొమ్మంతా కలిపితే ఒక పాత అంబాసిడర్ వస్తుంది. బెల్లంపల్లి నుంచి, చుట్టుపక్కల నుంచి వేములవాడ పోయే జనాన్ని తిప్పుకొని బతకొచ్చు. అది ఆగిపోతే ఇల్లాగిపోతుంది. అంతకు మించి వెనక ఏమీ లేదు.

అందుకే కరీంనగర్‌లో పాత కార్లమ్మే జగన్మోహన్‌రావు గ్యారంటీ మాట ఎత్తగానే కొండల్ ప్రాణం లేచివచ్చింది. బండి ధర మీద ఇంకొంత కడితే రెండేళ్లు ఏమైనా బాగుచేసి ఇస్తాడట. కాగితం మీద ఎర్రటి ముద్ర కూడా ఉంటుందట.

"అహరోను కాకను తోలుకపో," అంది భార్య గంగుబాయి.

"ఆయనొస్తే ఆ బండినేంది, కరీంనగర్‌నే కొననియ్యడు."

"నువ్వు ఎర్ర ముద్ర జూస్తెనే కరిగిపోతవు. తోలుకపో అన్న."

బస్సెక్కేముందు కాక బస్సును కొట్టి చూశాడు. కండక్టరు ఇద్దరికీ టికెట్టిచ్చి, కాకను మాత్రం కర్రతో సహా వెనక సీటులో కూర్చోబెట్టాడు.

జగన్మోహన్‌రావు తెల్ల లాల్చీలో చల్లగా కూర్చుని ఉన్నాడు. వాళ్ల తాతలకు మూడు ఊళ్లుండేవి. ఊళ్లు పోయాక కార్లు మిగిలాయి, గొంతులో దర్పం మిగిలింది.

"దొరా, మా కాక," అన్నాడు కొండల్ చేతులు కట్టుకొని.

"బండ్లమ్మేటాయన దొరెట్లయితడుర?" అన్నాడు అహరోను అందరికీ వినబడేట్టు. "చేతులిప్పు. రావుసాబ్, బండి ఏది?"

తెల్ల అంబాసిడర్ కడిగి, తుడిచి, పెళ్లికొడుకులా ఉంది. ముందు అద్దం దగ్గర వేములవాడ రాజన్న పటం అతికించి ఉంది. అహరోను చుట్టూ తిరుగుతూ కొట్టుకుంటూ పోయాడు. బానెట్టు ఖంగుమంది. ముందు తలుపులు ఖంగుమన్నాయి. ఎడమవైపు వెనక తలుపు బొదబొదమంది.

"గిండ్ల సొట్టకు లప్పం నింపిండ్రు."

"చిన్న దెబ్బ," అన్నాడు రావు. "తలుపుతోని బండి నడుస్తదా?"

"అబద్ధంతోని నడుస్తదా?"

బానెట్టు ఎత్తించి అరగంటసేపు చెవి ఆనించి ఇంజను విన్నాడు. చివరికి కాక తల ఎత్తి, "ఇంజను జర మంచిగనే ఉన్నట్టున్నది. అందుకే నాకు అనుమానం," అన్నాడు. లప్పం తలుపు పేరు చెప్పి బేరమాడి ధర కొంత తగ్గించాడు.

అప్పుడు గ్యారంటీ కాగితం బయటికొచ్చింది. రెండు వైపులా చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు, కింద ఎర్ర ముద్ర. కొండల్ దాన్ని రెండు చేతులతో ప్రసాదంలా అందుకున్నాడు. కాక లాక్కున్నాడు. మిషను బడిలో నేర్చిన ఇంగ్లీషు ఆయనది. ఒక్కో వరుసనూ గోటితో కొడుతూ చదివాడు.

"ఇంజనుకు ఉన్నదా?"

"ఇంజను కాలితే డ్రైవరు తప్పు గదా. దానికి లేదు."

"గేరు డబ్బా?"

"తిరిగే సామాన్లకు లేదు."

"బ్రేకులు?"

"అరిగే సామాన్లకు లేదు."

"లైట్లు, హారను?"

"కరెంటువాటికి ఎవరిస్తరు?"

"మరి దేనికున్నది?"

"బాడీకి ఉన్నది," అన్నాడు రావు గంభీరంగా. "తుప్పు పట్టకుంటే."

అహరోను కాగితం మడిచాడు. "అంటే తిరగనిది, అరగనిది, కాలనిది, తుప్పు పట్టనిది ఏదన్న కరాబైతే నువ్వు బాగు చేస్తవు. గసొంటిది బండిల ఒక్కటే కనబడుతుంది, ఆ రాజన్న పటం. ఆయనకు నీ గ్యారంటీ అక్కెర లేదు."

రావు ముఖం ఎర్రబడింది. "నెలనెల ఈడికి తెచ్చి ముద్ర ఏయించుకోవాలె, గంతే. ధైర్యం కోసం తీసుకోమంటున్న కొండల్. ఇయ్యాల గేటు దాటినంక అడిగితే ఇయ్య."

కొండల్ కాకను పక్కకు లాగాడు. "కాకా, గ్యారంటీ కొననియ్యి. ఇరవై రెండేండ్లు బాయిలకు దిగిన. నాకన్న ముందు ఎవరో ఒకరు పోయి చూసొచ్చెటోళ్లు. నేను వెనుక పోయెటోన్ని. ఇప్పుడు నా ముందట ఎవరున్నరు? కనీసం గీ కాగితమన్న ఉండనియ్యి."

కాక అతన్ని ఎగాదిగా చూశాడు. ఎందుకో కర్రతో నేలను రెండుసార్లు కొట్టి విన్నాడు.

"బాయిల నీకెవడన్న కాగితమిచ్చిండారా?"

"లే."

"మరి ఎట్ల బతికినవు? కొనకు."

కాగితం కొనలేదు, బండి ఒక్కటే కొన్నాడు. బండి గేటు దాటుతుంటే జగన్మోహన్‌రావు అరుగు మీది నుంచి అరిచాడు: "ఆర్నెల్లల్ల తోసుకుంట నా ముందటికే వస్తవు కొండల్! రోజులు లెక్కబెడుతుంట!"

ఆ మాట కొండల్ చెవిలో జోరీగలా ఉండిపోయింది. ఇంజను కొంచెం దగ్గితే చాలు, గుండె ఆగేది. పైగా కాక రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఎత్తిపొడిచేవాడు.

"ఎంత దూరం పోయొచ్చినవ్?"

"వేములవాడ, కాకా. మంచిగ నడిచింది."

"నడిచిందంటవు. ఏమో, నాకు నమ్మకం లేదు. నీళ్లు చూసినవా? నట్లు బిగించినవా?"

"చూసిన, చూసిన."

"మొకం జూస్తే చూసినట్టు లేదు."

వానలు మొదలయ్యాక ఒకరోజు కొండల్ టైరు తుడుస్తూ ఆగిపోయాడు. చక్రం లోపలి వైపు తెల్లగా అంకెలు: 12-7. మర్నాడు చూస్తే 13-7. తర్వాత 14-7. ఇరవై రెండేళ్లు నల్లటి బొగ్గు మీద దీపం వెలుతురులో అలాంటి అంకెలనే చూసి కూడా, పగటి వెలుతురులో టైరు మీద చూసేసరికి గుర్తుపట్టలేదు. కరీంనగర్ అరుగు మీది నుంచి వచ్చిన అరుపొక్కటే గుర్తొచ్చింది.

"రావు మనిషిని పెట్టిండే!" అన్నాడు గంగుబాయితో. "నిజంగనే రోజులు లెక్కబెడుతుండు! ఆర్నెల్లు నిండంగనే ఏదో ఒకటి ఊడబీకుతరు."

అహరోనుకు చెబితే ఆయన కర్ర మొనను చూసుకున్నాడు. "జాగ్రత్తగ ఉండు," అన్నాడు. "ఎవ్వల్ని నమ్మకు. పక్కింటోళ్లను అసలే నమ్మకు."

"గంతే కాకా," అన్నాడు కొండల్, ఇంత తెలివైన సలహా ఇంకెవరిస్తారని.

మర్నాడు భైంసా నుంచి చుట్టాలింటికి వచ్చిన కుటుంబమొకటి వేములవాడ పోవాలి. ముసలమ్మ, ఇద్దరు ఆడవాళ్లు, చంటిపిల్ల, ఒక మొగాయన. ఆరింటికి బయలుదేరాలి. అయిదింటికే కొండల్ పాత చెమ్మసు చేత పట్టుకొని తలుపు వెనక నక్కాడు. వెలుతురు ఇంకా పూర్తిగా రాలేదు. బండి కింద నుంచి రెండు కాళ్లు బయటికి వచ్చి ఉన్నాయి.

"దొరికినవు కొడుకా!" అని కొండల్ చెమ్మసు ఎత్తాడు.

బండి కింద నుంచి టక, టక అని చప్పుడు. ఆపైన నిశ్శబ్దం. ఎవరో వింటున్న నిశ్శబ్దం.

కొండల్ చెయ్యి దానంతటదే దిగిపోయింది. ఆ చప్పుడు వినే అతను ఇరవై రెండేళ్లు బతికాడు.

"కాకా?"

"అరవకు. జర ఆ బ్యాటరీ లైటియ్యి. బ్రేకు పైపు కారుతుంది. ఇయ్యాల బండి కదలద్దు."

"నువ్వేంది కాకా, గీ వయసుల, గా బురదల..."

అరవై ఏడేళ్ల అహరోను తిట్టుకుంటూ, మోకాళ్లు పట్టుకుంటూ బయటికొచ్చాడు. గడ్డం నిండా గ్రీసు. "కాగితం కొనద్దన్నోన్ని నేను. ఆ కాగితం చేసే పని ఎవడు చెయ్యాలె? రావుసాబొచ్చి బండికింద పంటడా?"

"నాకు చెప్పకపోతివి!"

"చెప్తే నువ్వు చూసుడు బంద్ పెడుతవు. కాకనే చూస్తడు తియ్యి అంటవు. నాకు నీ మీద నమ్మకం లేదు."

కొండల్ బానెట్టు ఎత్తాడు. లోపలి రేకు మీద వరుసలు వరుసలుగా సుద్ద రాతలు, బండి ఇంటికొచ్చిన మర్నాటి నుంచి ఒక్కరోజు కూడా తప్పకుండా. తేదీ, దాని కింద వంకరటింకరగా ఒక 'అ'. ఆ 'అ' కనిపిస్తే గాని బాయిలో ఎవరూ అడుగు ముందుకు వేసేవారు కాదు. తను రోజూ నీళ్లు చూశానని కాకతో చెప్పాడే, ఆ బానెట్టు ఎన్నాళ్లుగా తెరవలేదో అప్పుడు తెలిసి సిగ్గుతో తల గోక్కున్నాడు.

పైపు మార్చేసరికి పది దాటింది. భైంసా ముసలమ్మ విసుక్కుంటూ ఎక్కబోయి ఆగింది. "ఏం బిడ్డా, గీ బండికి గ్యారంటీ ఉన్నదా?"

"ఉన్నదవ్వా," అన్నాడు కొండల్. "పక్కింట్లనే ఉంటది. జర నోరెక్కువ."

ఇకనుంచి బానెట్టు తనే ఎత్తి చూసుకుంటానని కొండల్ కాకకు మాటిచ్చాడు. అయినా మర్నాడు పొద్దున అయిదింటికి బండి దగ్గర మళ్లీ అలికిడయింది. గంగుబాయి ముందే చక్రం పక్కన పీట వేసి, దాని మీద స్టీలు గ్లాసులో చాయ పెట్టి, మూత వేసి ఉంచింది. భార్యాభర్తలిద్దరూ తలుపు సందులో నుంచి చెవులు రిక్కించారు.

గ్లాసు మీద ఠింగు, ఠింగు. కాసేపు ఏమీ లేదు.

"ఏమో," అని బయట గొణుగుడు వినిపించింది. "చక్కెర తక్కువేసినట్టున్నది. నాకు నమ్మకం లేదు."

తర్వాత జుర్రుమన్న శబ్దం, చాలాసేపు.

వెలుతురొచ్చాక గంగుబాయి గ్లాసు తీయబోయింది. ఖాళీగా, బోర్లించి ఉంది. పక్కన పీట మీద సుద్దతో తేదీ, దాని కింద వంకరటింకరగా ఒక 'అ'.