మిరప కళ్ళంలో కరుణమ్మత్త బూట్లు

తోలు నానబెట్టిన నీళ్ళ వాసన అందరికీ నచ్చదు. గుంటూరులో నా కొట్టు పక్కనే జిరాక్స్ సెంటర్ నడిపే ఆయన, నేను తొట్టి మీద మూత తీసినప్పుడల్లా ముక్కు మూసుకుని "మేడమ్, కాస్త చెప్పి తియ్యండి" అంటాడు. వేసవి వస్తే ఈ ఊళ్ళో సగం మంది మిరప ఘాటుకి తుమ్ముతూనే బతుకుతారు, వాళ్ళకి నా తోలు వాసన ఒక లెక్కా అని నా వాదన. నాకైతే ఆ వాసన తగిలితే చాలు, పళ్ళ మధ్య మైనం దారం పట్టుకుని, దాన్ని తియ్యకుండానే నన్ను తిట్టే కరుణమ్మత్త గుర్తొస్తుంది. ఆవిడ మీకు తెలియదు. తెలిసి ఉంటే మీరూ ఈపాటికి నాలుగు తిట్లు తిని ఉండేవాళ్ళు.

దర్శి దగ్గర మా ఊళ్ళో, చర్చి వెనక వీధిలో, మా ఇంటికీ ఆవిడ ఇంటికీ ఒకటే గోడ. వరసకి ఏమీ కాదు, పిలుపుకి అత్త. భర్త బతికున్న రోజుల్లో ఇద్దరూ చెన్నైలో బూట్లు కుట్టే కంపెనీలో పనిచేశారు. ఆయన పోయాక పనిముట్లూ, సంచి నిండా తోలు ముక్కలూ పట్టుకుని ఊరికి వచ్చేసి, వసారాలో కూర్చుని చెప్పులు కుట్టడం మొదలుపెట్టింది. నేను అప్పటికి ఒక బిడ్డ తల్లిని, ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. రెడీమేడ్ జాకెట్లు వచ్చి నా మిషన్‌కి పని తగ్గినప్పుడు ఆవిడే గోడ అవతల నుంచి కేకేసింది. "ఏమే సునీతా, ఈగలు తోలుకుంటూ కూర్చునే బదులు ఇటు రారాదూ? సూది పట్టుకోవడం వచ్చుగా!" వెళ్ళాను. మొదటి రోజే, తోలుకి బెజ్జాలు పొడిచే ఆరెతో ఒక ముక్క వంకరగా కుట్టి, విప్పబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. "ఇది గుడ్డ కాదే తల్లీ. ఆరెతో పొడిచిన బెజ్జం మళ్ళీ పూడదు. చూసుకుని పొడు." నేనూ ఊరుకునే రకం కాదు. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా అత్తా" అన్నాను. "చెప్తే గుర్తుండదు, తింటే గుర్తుంటది" అంది. ఆ తర్వాత పొడవబోయే ముందు ప్రతిసారీ చూసుకున్నానని వేరే చెప్పక్కర్లేదు.

ఆవిడకి ఒక్కతే చెల్లెలు, దీనమ్మ. అక్క నోరు ఎంత పెద్దదో చెల్లెలి నోరు అంత చిన్నది. దీనమ్మ ఏటా సుబ్బాయమ్మ గారి మిరప కళ్ళంలో పనికి వెళ్ళేది. కోసిన కాయల్ని పట్టాల మీద ఆరబోశాక రోజూ తిరగెయ్యాలి. ఆడవాళ్ళు వరసగా నిలబడి, కాయల్లో పాదాలు ఈడ్చుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తారు. అడుగున ఉన్న కాయ పైకి రావాలి, పైనున్నది కిందకి పోవాలి. నెత్తి మీద ఎండ, కాళ్ళ కింద కారం. కళ్ళంలోకి చెప్పులతో వెళ్ళకూడదనేది మా వైపు ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు. ఆ ఏడు దీనమ్మ మడమలు బీటలు వారాయి. ఆ పగుళ్ళలోకి కారం దిగేది. ఒకరోజు సాయంత్రం వచ్చి మా మధ్య కూలబడి, "అక్కా, ఇంక నావల్ల కాదు, కళ్ళానికి పోలేను" అంది. పోకపోతే ఆ ఇల్లు ఎలా గడుస్తుందో మా ముగ్గురికీ తెలుసు. బకెట్టు నీళ్ళలో పెట్టిన ఆ పాదాలు చూస్తే నాకు ఏడుపొచ్చింది. కరుణమ్మత్త మాత్రం చేతిలో పని పక్కన పడేసి, ఆ పాదాల్నే తేరిపార చూసింది.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటేసుకుని సుబ్బాయమ్మ గారి ఇంటికి వెళ్ళింది. భర్త మిర్చి యార్డు చుట్టూ తిరుగుతుంటే కళ్ళం పెత్తనమంతా ఆవిడదే. చెడ్డ మనిషి కాదు, మొండి మనిషి. అప్పుడే వాకిలి కడిగించి, తడి కాళ్ళతో అరుగు మీదకి వచ్చింది. విషయం వినగానే "కళ్ళంలోకి చెప్పులా? లక్ష్మిని చెప్పులతో తొక్కుతారా?" అంది.

"కాళ్ళతో తొక్కుతూనే ఉన్నారుగా అమ్మగారూ?" అంది కరుణమ్మత్త.

"కాలు వేరు, చెప్పు వేరు. చెప్పుకి రోడ్డు మీది చెత్తంతా అంటుకుని ఉంటది. పైగా కింద అట్ట గట్టిగా ఉంటది, కాయ పగులుద్ది. పగిలిన కాయ ఎవడు కొంటాడు?"

ఇక పోట్లాట తప్పదనుకున్నాను. కరుణమ్మత్త నా చెవిలో "ఆ తడి అడుగు పక్కన నీ కాలు పెట్టు" అంది. పెట్టాను. నూలుపోగంత తేడా కూడా లేదు. వచ్చేటప్పుడు దారిలో ఆవిడ కూనిరాగం తీస్తుంటే నాకు ఒళ్ళు మండింది. "వద్దంటే ఇంత సంబరమేంటత్తా?" అన్నాను. "వద్దని ఊరుకోలేదే, కారణాలు చెప్పింది. కారణాలు చెప్పేవాళ్ళతో బేరమాడొచ్చు. ఆవిడకే ముందు ఒక జత కుడదాం పద."

కింద అట్ట లేని బూట్లు కుట్టడం ఆవిడ చెన్నైలో నేర్చుకుంది. మకాసిన్లంటారు. మామూలు చెప్పుకి కింద ఒక అడుగు, పైన పట్టీలు. దీనికలా కాదు, ఒకటే మెత్తటి తోలు ముక్క. పాదం దాని మీద పెడితే అదే కింద నుంచి రెండు పక్కలకీ లేచి, వేళ్ళ మీదుగా మడతపడి, పైనున్న చిన్న ముక్కతో కలుస్తుంది. కుట్లన్నీ పైనే. కింద కుట్టు లేదు కాబట్టి కారం లోపలికి దిగదు, గట్టి అంచు లేదు కాబట్టి కాయ పగలదు. చీలమండ పైదాకా తోలు పెంచి, లేసు పెడితే బూటు. చిక్కల్లా వేళ్ళ దగ్గర వచ్చింది. ఎక్కువైన తోలు ముడతలు పడి గుచ్చుకుంటోంది. ఆవిడ విసుక్కుంటుంటే "అత్తా, ఇది బుట్ట చేతుల జాకెట్టు లాంటిదే, సన్నగా కుచ్చులు పోద్దాం" అన్నాను. పోసి చూపించాను. తిప్పి తిప్పి చూసి "జాకెట్లు కుట్టీ కుట్టీ ఒక మంచి పని నేర్చావు" అంది. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఆవిడ నోటి నుంచి ఇంకెవరికీ దక్కలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను.

ఆ తోలు తడిగా ఉండగానే తొడుక్కుని, కాలి మీదే ఆరనివ్వాలి. అప్పుడే పాదం ఆకారం పడుతుంది. సుబ్బాయమ్మ గారి కాలికి బదులు నా కాలు. రోడ్డు మట్టి తగలకూడదని వసారాలో చాప పరిచి, పొద్దంతా దాని మీదే అటూ ఇటూ నడిపించింది. పాస్టరు గారు అటు వెళ్తూ ఆగి, "ఏమ్మా, ఎక్కడికి ప్రయాణం?" అని అడిగారు. మా ఆయనకి నవ్వీ నవ్వీ అన్నం పొలమారింది. మధ్యాహ్నానికి తోలు ఆరింది. కాలికి ఏమీ లేనట్టే ఉంది, చాప అల్లిక కూడా అరికాలికి తెలుస్తోంది, కానీ ఏదీ గుచ్చుకోవడం లేదు. సాయంత్రం విప్పమంటే నాకు మనసొప్పలేదు.

"మోకాళ్ళ నొప్పులంటున్నారుగా, ఇంట్లో బండల మీద వేసుకోండి" అని సుబ్బాయమ్మ గారికి ఇచ్చి వచ్చాం. "మెత్తగానే ఉన్నాయిలే" అంది, విప్పలేదు. మళ్ళీ అడగడానికి కరుణమ్మత్త సమయం కోసం చూస్తుండగానే ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. ఆరిన కాయ తడిస్తే ఏడాది కష్టం మట్టిపాలే. కళ్ళం దగ్గర కేకలు వినపడి వీధి వీధంతా పరిగెత్తాం. దీనమ్మ కుంటుకుంటూ మా ముందే ఉంది. అందరం కాయల్ని కుప్పలకి తోస్తుంటే, సుబ్బాయమ్మ గారు కళ్ళానికి ఆనుకునే ఉన్న ఇంట్లోంచి పరుగున వచ్చి, మా మధ్యన పడి, రెండు చేతులా కాయలు పోగెయ్యడం మొదలుపెట్టింది. బూట్లు కాళ్ళకే ఉన్నాయి. కరుణమ్మత్త నా డొక్కలో పొడిచి "మాట్లాడకు" అంది.

పట్టాలు కప్పేశాం. నాలుగు చినుకులు రాలి మబ్బు పక్క ఊరికి పోయింది. అప్పుడు చూశారు అందరూ. సుబ్బాయమ్మ గారు తన కాళ్ళు తనే చూసుకుంది. మెల్లగా ఒక పాదం ఎత్తింది. కింద నాలుగు కాయలు, ఒక్కటీ చిట్లలేదు.

"పగిలాయా అమ్మగారూ?" అంది కరుణమ్మత్త.

"నీ నోరు పడ!"

"రోడ్డు కూడా ఎరగవమ్మా అవి. లక్ష్మికి కోపం వచ్చుంటే వాన పక్క ఊరికి పోయేదా?"

సుబ్బాయమ్మ గారికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే దీనమ్మ వైపు తిరిగి, ఎర్రగా పగిలిన ఆ మడమలు చూసి ఆగిపోయింది. "దీనమ్మకో జత కుట్టు. కళ్ళంలోనే తొడుక్కుని కళ్ళంలోనే విడవాలి" అంది.

"మిగతావాళ్ళవీ కాళ్ళే కదమ్మా?"

"అందరికీ కుట్టవే తల్లీ, నా ప్రాణం తియ్యకు!"

ఇంటికొస్తుంటే నాకు సంతోషమూ కోపమూ కలిసి వచ్చాయి. తన కాలు సుఖపడేదాకా ఆవిడకి దీనమ్మ కాళ్ళు కనపడలేదా అన్నాను. "కోపం పంటయ్యాక పడదాం. ఇప్పుడు దారానికి మైనం పట్టించు" అంది కరుణమ్మత్త.

దీనమ్మ జత తయారైన రోజు కళ్ళం అంచున కరుణమ్మత్త నేల మీద కూర్చుని, చెల్లెలి పాదం ఒళ్ళోకి తీసుకుంది. దీనమ్మ హడలిపోయింది. "అక్కా, పెద్దదానివి, నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేంటి? వదులు" అని వెనక్కి లాక్కోబోయింది. కరుణమ్మత్త వదల్లేదు. మడమ తుడిచి, ఆముదం రాసి, బూటు తొడిగి, లేసు ఒక్కో బెజ్జంలోంచీ లాగి ముడి వేసింది. "ఇంక నడు" అంది. దీనమ్మ కాయల్లోకి దిగి, పాదాలు ఈడుస్తూ ఆ కొస దాకా వెళ్ళి, తిరిగి చూసి గట్టిగా నవ్వింది. ఆ మనిషి నవ్వితే వినపడుతుందని మాకు అప్పుడే తెలిసింది. కరుణమ్మత్త పైట కొంగుతో కళ్ళు తుడుచుకుని, కారం పడిందని నాకు అబద్ధం చెప్పింది.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. పొద్దంతా నిలబడే నర్సులకీ, షుగర్ ఉన్న పెద్దవాళ్ళకీ ఇప్పుడు నేను ఆ బూట్లే కుడుతున్నాను. మొదటిసారి లేసు మాత్రం నేనే కడతాను, నేల మీద కూర్చుని. నాకంటే చిన్నవాళ్ళు కంగారుపడతారు. "అయ్యో మేడమ్, మీరెందుకండీ" అంటూ కాలు వెనక్కి లాక్కుంటారు. నేను వదలను.